గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నాక మెదడులో వాపు, దాని మందులు: ఐసీయూ గుమ్మం దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, భీమవరం, ఏ ఊరి ఐసీయూ బయట కూర్చున్నా బంధువులు అడిగేవి ఇంచుమించు ఇవే. నేను ఐసీయూలో పనిచేసే డాక్టర్‌ని, మాదీ ఓ లంక ఊరే. కౌన్సెలింగ్ గదిలో అయిదు నిమిషాల్లో చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ తీరిగ్గా రాశాను. ప్రశ్నల్ని జనం అడిగినట్టే ఉంచాను. మీ మనిషిని చూస్తున్న డాక్టరు చెప్పిందే మీకు లెక్క. ఆయన చెప్పేది అర్థం కావడానికి ఇది పనికొస్తే చాలు.

గుండెపోటే కదండీ వచ్చింది. మెదడు గురించి మాట్లాడతారేంటి?

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో గుండెకి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. ఆ మనిషి ఛాతీ పట్టుకుని, ఆటో ఎక్కి, తన కాళ్ళతో తాను ఆసుపత్రిలోకి రావచ్చు కూడా. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె రక్తాన్ని తోడటమే మానేస్తుంది. పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. రక్తం లేకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది.

గుండెపోటు వల్ల అరెస్ట్ రావచ్చు. మన వైపు ఇంకా చాలా దారుల్లో వస్తుంది. రొయ్యల చెరువు మీద ఏరేటర్ వైరు తగిలి షాక్ కొట్టినవాళ్ళు, గోదాట్లో స్నానానికి దిగి మునిగినవాళ్ళు, చేలో కట్లపాము కరిచి ఊపిరి ఆగినవాళ్ళు, ఉరి వేసుకుంటే దించినవాళ్ళు. గుండె మళ్ళీ కొట్టుకున్నాక వీళ్ళందరి సమస్యా చివరికి మెదడు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

మెదడు వాపు అన్నారు. అది దోమల వల్ల వచ్చే జబ్బు కదండీ? ఇంట్లో పిల్లలున్నారు.

అంటదు. ఈ గందరగోళం మన భాషలోనే ఉంది. ‘మెదడువాపు వ్యాధి’ అని మనం పిలిచేది దోమకాటుతో వచ్చే వైరస్ జబ్బుని, పిల్లలకి టీకా వేసేది దానికే. ఇక్కడ ఏ క్రిమీ లేదు. రక్తం అందక దెబ్బతిన్న మెదడు తనలో తాను రగులుతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘వాపు’ అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు సంగతులు చెప్పేస్తాం. కణాల్లోకి, కణాల మధ్యకి నీరు చేరి మెదడు ఉబ్బడం ఒకటి. రక్షణ కణాలు రేగిపోయి రసాయనాలు వదలడం రెండోది. పుస్తకాల్లో దీన్ని శోథ అంటారు, మేం ఇన్‌ఫ్లమేషన్ అనేస్తాం, మీరు మంట అంటారు. మొదటిదానికి వాడే మందులు వేరు, రెండోదానికి ప్రయత్నిస్తున్న మందులు వేరు. ‘వాపుకి ఇంజక్షన్ ఇచ్చాం’ అని ఎవరైనా చెబితే ఏ వాపుకి అని అడగండి.

రక్తం మళ్ళీ అందుతోందిగా. ఇంకా మెదడు పాడవడమేంటి?

వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. ఆ రెండు నెలల్లో కాలువ అడుగు బీటలు వారుతుంది, గట్లు వదులవుతాయి, చెత్తా ముళ్ళకంపా పేరుకుంటాయి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదలగానే ఆ మొదటి నీటితో పాటు చెత్తంతా కొట్టుకొస్తుంది. బలహీనంగా ఉన్న చోట గట్టు తెగుతుంది. నీళ్ళు రాకపోతే చేను ఎండుతుంది, వచ్చిన తీరు వల్ల ఇంకో నష్టం.

మెదడులోనూ ఇంచుమించు ఇదే. ఆక్సిజన్ లేని నిమిషాల్లో కణాల్లో శక్తి నిండుకుంటుంది, విషపదార్థాలు పోగవుతాయి. రక్తం తిరిగి రాగానే ఆక్సిజన్‌తో కలిసి అవి ఇంకా చురుకైన విషాలుగా మారతాయి. చనిపోతున్న కణాలు వదిలే ముక్కల్ని చూసి మైక్రోగ్లియా అనే కాపలా కణాలు మేలుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు విడుదలవుతాయి. రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే గోడ సడలి తెల్లకణాలు, నీరు లోపలికి దిగుతాయి. ఇది ఒక్క మెదడుతో ఆగదు. ఒళ్ళంతా ఇలాగే రగులుతుంది, బీపీ పడిపోతుంది. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన మనిషిలాగే కనిపిస్తాడు.

ఇదంతా గంటల్లో మొదలై రోజుల పాటు సాగుతుంది. ‘మొదటి మూడు రోజులు’ అని మేం పదే పదే అనడం ఇందుకే. మందుల వేట కూడా ఇందుకే. పోయిన కణాన్ని ఎవరూ తేలేరు, మెల్లగా జరుగుతున్న ఈ రెండో నష్టాన్నయినా ఆపొచ్చేమోనని ఆశ.

అయితే ఆ మంట తగ్గించే ఇంజక్షన్ ఇచ్చేయొచ్చుగా? డబ్బు గురించి ఆలోచించకండి.

ఈ ప్రశ్న వినని వారం లేదు. గాజులు తీసి బల్ల మీద పెట్టిన అమ్మలు కూడా ఉన్నారు.

గుండె ఆగి బతికినవారిలో మెదడు ఇన్‌ఫ్లమేషన్‌ని తగ్గించి, మనిషి మామూలుగా లేచేలా చేస్తుందని రుజువైన మందు ఇవాళ్టికి లేదు. ఇక్కడే కాదు, హైదరాబాద్‌లో లేదు, అమెరికాలో లేదు. డబ్బుతో తెప్పించగలిగేది ఏదో దాస్తున్నామని అనుకోకండి. ప్రయత్నాలు మాత్రం చాలా జరిగాయి, వాటి సంగతి కింద చెబుతాను.

స్టెరాయిడ్ వాపుని తగ్గిస్తుందంటారు కదా?

తగ్గిస్తుంది. చిక్కేమిటంటే, ఇన్‌ఫ్లమేషన్ తగ్గినంత మాత్రాన మనిషి బాగుపడతాడని లేదు.

డెన్మార్క్‌లో ఒక ట్రయల్, అంటే మందు ఇచ్చిన గుంపునీ ఇవ్వని గుంపునీ పోల్చి చూసే పరీక్ష, చేశారు. గుండె మళ్ళీ కొట్టుకోగానే, ఇంకా అంబులెన్స్‌లో ఉండగానే 250 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఇచ్చారు. ఫలితాలు 2023లో వచ్చాయి. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 బాగా తగ్గింది. మెదడు కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎన్‌ఎస్‌ఈ అనే గుర్తు మాత్రం తగ్గలేదు. బతికినవారు స్టెరాయిడ్ గుంపులో కొంచెం ఎక్కువే, కానీ దాదాపు 140 మంది ఉన్న ట్రయల్‌లో అంత తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. ఆశ వదులుకోనక్కర్లేదు, ఇంకా పెద్ద ట్రయల్ కావాలి.

ఆసుపత్రిలోనే గుండె ఆగినవారికి సీపీఆర్ (ఛాతీ నొక్కడం) చేస్తుండగా, రక్తనాళాల్ని బిగించే వాసోప్రెసిన్ అనే మందుతో కలిపి ఇదే స్టెరాయిడ్ ఇచ్చిన ఇంకో డానిష్ ట్రయల్ 2021లో వచ్చింది, 501 మంది. గుండె తిరిగి కొట్టుకున్నవారు మందు గుంపులో నూటికి 42, మందు లేని గుంపులో 33. వినగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నెల తర్వాత బతికి ఉన్నవారి లెక్క చూస్తే మందు గుంపులో 9.7 శాతం, రెండోదాంట్లో 12 శాతం. ముందు వచ్చిన లాభం నెల తిరిగేసరికి నిలబడలేదు.

నన్ను బాగా జాగ్రత్తపరుడిగా మార్చింది మాత్రం వేరే జబ్బు కథ. తలకి దెబ్బ తగిలినవారికి స్టెరాయిడ్ ఇవ్వడం దశాబ్దాల అలవాటు, వాపు తగ్గుతుందన్న లెక్కతోనే. 2004లో వచ్చిన క్రాష్ అనే ట్రయల్‌లో పదివేల మందిని పరీక్షించారు. స్టెరాయిడ్ ఇచ్చినవారిలో రెండు వారాల్లోపు 21.1 శాతం మంది చనిపోయారు, ఇవ్వనివారిలో 17.9. అంతకాలం మంచిదనుకుని ఇచ్చిన మందు అది.

పైగా స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తీస్తుంది. మన జిల్లాల్లో షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాలి.

కానీ మావారి చార్టులో హైడ్రోకార్టిసోన్ రాసి ఉందండీ. తప్పు చేస్తున్నారా?

కాదు. బీపీ నిలబెట్టడానికి ఎక్కువ మోతాదులో మందులు అవసరమైనప్పుడు హైడ్రోకార్టిసోన్ ఇస్తారు. ఆస్తమా ఉన్నా, ముందునుంచీ స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా ఇస్తారు. అది మెదడు కోసం ఇచ్చింది కాదు.

కరోనాలో ఇచ్చిన ఆ ఖరీదైన ఇంజక్షన్ ఉంది కదా, తొసిలిజుమాబ్?

2021లో రెండో వేవ్ అప్పుడు దీనికోసం జనం పడిన పాట్లు గుర్తున్నాయి కాబట్టి పేరు అందరికీ తెలుసు. ఇది ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డుకుంటుంది. గుండె ఆగినవారిలో దీన్ని కోపెన్‌హాగన్‌లో 80 మంది మీద పరీక్షించారు, అది కూడా 2021లోనే వచ్చింది. కిలోకి 8 మిల్లీగ్రాముల లెక్కన ఒక్క డోసు. ఒంట్లో మంటని చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకె పాతాళానికి పడిపోయింది. గుండె కండరం దెబ్బని చూపే గుర్తులు కూడా తగ్గాయి, అది మంచి వార్తే. మెదడు విషయంలో గానీ, బతికినవారి సంఖ్యలో గానీ తేడా కనిపించలేదు. కాబట్టి దీనికోసం పొలం కాగితాలు బయటికి తీయొద్దు.

ఇవాళ సీఆర్‌పీ తగ్గిందండీ, ఫోన్‌లో రిపోర్టు చూశాం. మెదడు బాగవుతున్నట్టేనా?

పై జవాబే దీనికీ జవాబు. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే పదార్థం, ఒంట్లో ఎక్కడ మంట ఉన్నా పెరుగుతుంది. తగ్గితే సంతోషమే, కానీ మెదడు గురించి అది చెప్పే కబురేమీ లేదు.

మానిటాల్ పెట్టారు. అది ఈ మంటకేనా?

కాదు. అది ఉబ్బిన మెదడులోంచి నీటిని లాగుతుంది, ఇన్‌ఫ్లమేషన్ జోలికి పోదు. స్కాన్‌లో మెదడు బాగా ఉబ్బి ఒత్తిడి పెరిగిందనిపిస్తే కొందరు డాక్టర్లు ఇస్తారు. గుండె ఆగిన ప్రతివారికీ రోజూ ఇవ్వాలనడానికి ఆధారం లేదు. మూత్రం ఎక్కువగా పోయి బీపీ పడితే దెబ్బతిన్న మెదడుకి అది రెండో దెబ్బ.

సిటికోలిన్? మెదడుకి టానిక్ అని మెడికల్ షాపులో చెప్పారు.

పక్షవాతంలో దీన్ని 2,300 మంది దాకా పరీక్షించిన పెద్ద ట్రయల్ 2012లో వచ్చింది, లాభం కనబడలేదు. గుండె ఆగినవారిలో పనిచేస్తుందన్న గట్టి రుజువూ లేదు. హాని తక్కువే. బిల్లు మాత్రం పెరుగుతుంది.

ఇంకే మందూ ప్రయత్నించలేదా?

చాలా. 1980ల్లో థయోపెంటాల్ అనే మత్తుమందుతో మెదడుని పూర్తిగా నిద్రపుచ్చి చూశారు, లాభం లేదు. సైక్లోస్పోరిన్ ఇచ్చి ఫ్రాన్స్‌లో దాదాపు 800 మందిని చూశారు, లేదు. రక్తకణాలు పెంచే ఎరిథ్రోపోయెటిన్ కూడా అంతే, పైగా రక్తం గడ్డకట్టే సమస్యలు పెరిగాయి. ఈ రెండూ 2016లో వచ్చాయి. అదే ఏడాది ఫిన్లాండ్‌లో 110 మందికి జెనాన్ అనే వాయువుని పీల్పించి చూస్తే, ఎంఆర్ఐలో మెదడు తెల్లపదార్థం దెబ్బతినడం తగ్గినట్టు కనిపించింది. నాకు వీటన్నిటిలో ఆసక్తి కలిగించింది అదే, కానీ బతికినవారి సంఖ్యలో స్పష్టమైన తేడా తేలలేదు. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన మందుల చిట్టా రాస్తే ఈ పేజీ సరిపోదు. ఎలుక గుండె ఆపిన నిమిషం, మందు ఇచ్చిన నిమిషం పరీక్ష చేసేవారికి కచ్చితంగా తెలుసు. మన మనిషి చెరువు గట్టు మీద ఎప్పుడు పడ్డాడో చాలాసార్లు ఎవరికీ తెలియదు.

ఒంటిని చల్లబరిస్తే మెదడు బతుకుతుందని చదివాం. ఐస్ తెప్పించమంటారా?

వద్దండీ. రొయ్యల ప్లాంట్ నుంచి ఐసు బస్తా దింపేస్తామన్న బావగారు ఒకాయన నాకు నిజంగానే తగిలారు. ఐసుకి మన దగ్గర కొదవ లేదు, అవసరమే లేదు.

2002లో వచ్చిన రెండు ట్రయల్స్ చూసి ప్రపంచమంతా రోగుల్ని 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరచడం మొదలుపెట్టింది. 2021లో 1,900 మందితో జరిగిన టీటీఎం-2 ట్రయల్‌లో 33 డిగ్రీలకి దించినా, జ్వరం రాకుండా మాత్రమే చూసినా ఫలితం ఒక్కటే అని తేలింది. అందుకని ఇప్పుడు ఎక్కువమంది చేసేది జ్వరాన్ని అడ్డుకోవడం. 2022లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలు, స్పృహ రాని మనిషికి కనీసం 72 గంటలు 37.7 సెల్సియస్ దాటనివ్వకూడదని చెప్పాయి. మన థర్మామీటర్ లెక్కలో చెప్పాలంటే వందలోపు ఉండాలి.

జ్వరం వస్తే దెబ్బతిన్న మెదడుకి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, ఇన్‌ఫ్లమేషనూ ఎగదోసినట్టవుతుంది. పారాసిటమాల్, చల్లటి నీళ్ళు తిరిగే దుప్పట్లు, వణుకు రాకుండా మత్తు, ఇవే ఆయుధాలు. కాబట్టి ‘ఏసీలో చలేస్తోందేమో’ అని మీరు తెచ్చిన దుప్పటి కప్పకండి. సిస్టర్ తీసేస్తే కోపం తెచ్చుకోకండి.

మరి మందే లేకపోతే ఇన్ని ఇంజక్షన్లు, ఇంత బిల్లు దేనికి?

న్యాయమైన ప్రశ్నే. లోపల జరిగేదంతా మెదడుకి ఇంకో దెబ్బ తగలకుండా కాపలా కాయడం. బీపీ పడకుండా మందులు, సగటు బీపీ (పై అంకె, కింది అంకెల నుంచి లెక్కగట్టేది) 65కి తగ్గకుండా. ఆక్సిజన్ 94 నుంచి 98 మధ్య. తక్కువైతే చెడ్డ, మరీ ఎక్కువైనా చెడ్డే. వెంటిలేటర్ మీద కార్బన్ డయాక్సైడ్ సరిగా ఉందో లేదో గంటగంటకీ చూడాలి. షుగర్ పెరగకుండా, మరీ పడిపోకుండా చూడాలి. గుండెనాళం మూసుకుని ఉంటే తెరవాలి.

వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం వీళ్ళలో చాలా మామూలు. ఫ్రాన్స్‌లో 2019లో చేసిన ట్రయల్‌లో రెండు రోజుల యాంటీబయాటిక్‌తో తొలి రోజుల న్యుమోనియా 34 శాతం నుంచి 19కి తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. ఇన్‌ఫెక్షన్ ఒంట్లో మంటని రెట్టింపు చేస్తుంది కాబట్టి నేను దీన్ని సీరియస్‌గానే తీసుకుంటాను.

ఇవేవీ వాట్సాప్‌లో పంచుకునేంత గొప్ప మందులు కావు. కానీ ప్రస్తుతానికి మెదడులో మంటకి నా దగ్గరున్న వైద్యం ఇదే. దీన్ని రాత్రి మూడు గంటలకి కూడా వదలకుండా చేసే సిస్టర్ ఎంత ఉపయోగమో మీకు చెప్పలేను.

పసుపు మంటకి మంచిదంటారు. ముక్కు గొట్టంలో పాలూ పసుపూ పోయొచ్చా?

పోయకండి. పసుపులోని కుర్కుమిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు. చెప్పకుండా పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. ఇదే మాట తీర్థానికి, పసరుకి. అన్నవరం ప్రసాదం తెస్తే తలగడ పక్కన పెట్టండి, నోట్లో వద్దు.

చేతులు కదుపుతున్నాడండీ! టకటకా ఎగురుతున్నాయి.

ముందు సిస్టర్‌ని పిలవండి. అది మెలకువ కావచ్చు, వణుకు కావచ్చు, ఫిట్స్ కూడా కావచ్చు. ఫిట్స్ అయితే లెవెటిరాసెటామ్, వాల్‌ప్రోయేట్ లాంటివి ఇస్తాం. మెదడు కరెంటు తరంగాల్ని చూసే ఈఈజీ పరీక్ష ఉంటే తేల్చడం తేలిక. ఫిట్స్ లేకుండా ముందుజాగ్రత్తగా ఆ మందులు ఇవ్వక్కర్లేదు.

బతుకుతాడా లేదా, ఎప్పుడు చెబుతారు?

కనీసం 72 గంటలు ఆగాలి, మత్తు పూర్తిగా దిగాలి. కిడ్నీ, లివర్ నెమ్మదిగా పనిచేస్తుంటే మత్తు దిగడానికి ఇంకా పడుతుంది. అప్పుడు కూడా ఒక్క పరీక్షతో తేల్చకూడదు. కంటిపాపలు, ఈఈజీ, స్కాన్, నరాల పరీక్ష, ఎన్‌ఎస్‌ఈ, వీటిలో కనీసం రెండు ఒకే మాట చెప్పాలి.

మన ప్రాంతానికి మాత్రం ఒక ప్రత్యేక హెచ్చరిక. కట్లపాము, నాగుపాము కాటులో విషం కండరాలన్నిటినీ కట్టేస్తుంది. కంటిపాప కూడా కదలదు, రెప్ప ఎత్తలేరు, వేలు కదపలేరు. చూసేవారికి మెదడు చచ్చిపోయినట్టే ఉంటుంది, లోపల మనిషికి మెలకువ ఉండొచ్చు. పురుగుమందు తాగినవారికి ఇచ్చే అట్రోపిన్ కూడా పాపల్ని పెద్దవి చేస్తుంది. కట్లపాము కాటు నిద్రలో తెలియకుండా కూడా పడుతుంది, పంటి గుర్తు కనిపించకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్నాడా, చేలోకి వెళ్ళాడా, ఇంట్లో పురుగుమందు డబ్బా ఏమైనా తెరిచి ఉందా, ఈ మూడూ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. అలాంటివారి విషయంలో మూడు రోజుల లెక్క కూడా పనికిరాదు, ఇంకా ఆగాలి.

వైజాగ్ తీసుకెళితే ఆ మందులు దొరుకుతాయా?

మందు కోసమైతే ప్రయాణం దండగ. యాంజియోగ్రామ్ కోసం, వెంటిలేటర్ ఖాళీ కోసం, ఈఈజీ కోసం అయితే అర్థముంది. దారిలో బీపీ, ఆక్సిజన్ చూసే మనిషీ వెంటిలేటరూ ఉన్న అంబులెన్స్ ఉంటేనే కదలండి. బిల్లు సంగతికి వస్తే, ఇదివరకు ఆరోగ్యశ్రీ అన్న ప్రభుత్వ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏది కవర్ అవుతుందో మొదటి రోజే ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని అడగండి, డిశ్చార్జి రోజు దాకా ఆగొద్దు.

కొత్త మందు ట్రయల్‌లో మావాడిని చేర్చుకోమంటే?

మన దేశంలో జరిగే ట్రయల్స్‌ని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ-ఇండియాలో నమోదు చేస్తారు. ఆ వివరాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీకు అర్థమయ్యే భాషలో కాగితం ఇచ్చి, చదివించి, సంతకం తీసుకోవాలి. మధ్యలో వద్దనే హక్కు మీకుంది. ‘ట్రయల్ మందు, ఇంత కట్టండి’ అన్నారంటే లేచి వచ్చేయండి.

108 వచ్చేదాకా మేమే ఛాతీ నొక్కాం. పక్కటెముకలు విరిగాయట. మా వల్లేనా?

మీ వల్లే అయి ఉంటుంది, అది అతుక్కుంటుంది. మీరు నొక్కకపోతే పంటు మీద గోదారి దాటి అంబులెన్స్ వచ్చేసరికి మేం చూడ్డానికి మెదడు మిగిలేది కాదు. మంట ఎంత పెద్దదవుతుందో ఆ తొలి నిమిషాలే నిర్ణయిస్తాయి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు. షాక్ అయితే ముందు మెయిన్ ఆపాలి. నీళ్ళలో మునిగినవారికి మొదట అయిదుసార్లు నోటితో ఊపిరి ఊది, తర్వాత నొక్కాలి.

ఇంటికి తెచ్చుకున్నాం. ఇంకా మెదడులో మంట ఉంటుందా? మందులు వాడాలా?

మెదడులో మంటకంటూ ఇంటి దగ్గర వాడే మాత్ర ఏదీ లేదు. గుండె మాత్రలు, ఫిట్స్ మాత్రలు మాత్రం డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దు. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి.

చాలామందికి మతిమరుపు, చిరాకు, త్వరగా అలసట నెలల తరబడి ఉంటాయి. నిన్న తిన్న కూర గుర్తుండదు, ముప్పై ఏళ్ళ కిందటి పెళ్ళిభోజనం గుర్తుంటుంది. బద్ధకమని తిట్టకండి. చెరువు కాపలా, రాత్రి డ్యూటీ, బండి నడపడం, కొబ్బరిచెట్టు ఎక్కడం డాక్టరు సరే అనేదాకా వద్దు. కుటుంబంలో దగ్గరగా చూసుకునేవాళ్ళకి కూడా నిద్ర పట్టదు, ఫోన్ మోగితే టెన్షన్. మళ్ళీ చెకప్‌కి వచ్చినప్పుడు అది కూడా చెప్పండి.